ఎన్నికల ప్రచారంలో దివ్యాంగుల సమస్యలు: అభ్యర్థి, ప్రచార బృందం ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

ఎన్నికలు దగ్గరపడగానే ప్రచార బృందాలు తరచూ అడిగే ప్రశ్న: "దివ్యాంగుల గురించి మా అభ్యర్థి ఏం మాట్లాడాలి?" మాట్లాడటం కంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. వాటిని వదిలేసి నేరుగా మైకు దగ్గరికి వెళ్తే పింఛను పెంచుతామన్న ఒక్క వాక్యం, ట్రైసైకిల్ పక్కన ఒక ఫొటో మిగులుతాయి. అలాంటివి ఓటర్లు చాలా చూశారు.

ఇక్కడ చెప్పేది శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. సమావేశాలు, సామగ్రి, మాటతీరు గురించి చెప్పినవి అక్కడా పనికొస్తాయి గానీ, ఫారాల సంగతి అక్కడి అధికారుల్నే అడగాలి.

## 1. రెండు నెలల ముందు: మీ నియోజకవర్గం లెక్క

దివ్యాంగులు అనగానే బృందంలో అందరికీ చక్రాల కుర్చీయే గుర్తొస్తుంది. మొదటి తప్పు అక్కడే మొదలవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, కదలికలకు సంబంధించినవే కాదు, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు, కుష్టు నయమైనవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఏజెన్సీ మండలాలున్న నియోజకవర్గంలో, గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్త వ్యాధి గురించి తెలియకుండా ప్రచారానికి దిగకండి.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. అది 21 రకాలూ చట్టంలోకి రాకముందు లెక్క. ఆ శాతాన్నే తీసుకున్నా, 2 లక్షల 30 వేల ఓటర్లున్న నియోజకవర్గంలో 5 వేల మందికి పైగా ఉంటారు. కాబట్టి దాన్ని కనీస సంఖ్యగానే చూడండి.

సేకరించాల్సినవి:

- మండలాల వారీగా దివ్యాంగ పింఛనుదారుల సంఖ్య
- సదరం (వైకల్యాన్ని నిర్ధారించి సర్టిఫికెట్ ఇచ్చే) శిబిరం జరిగే ఆస్పత్రి, మారుమూల ఊరి నుంచి దాని దూరం, అక్కడ ఏ ఏ వైద్య నిపుణులు ఉన్నారు
- మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) పనిచేస్తోందా, పిల్లలు ఎంతమంది, ఫిజియోథెరపిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తున్నారు
- ఎంపీడీఓ, తహసీల్దారు కార్యాలయాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బస్టాండ్లలో ర్యాంపు, మరుగుదొడ్డి పరిస్థితి
- నియోజకవర్గంలో పనిచేస్తున్న దివ్యాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు, తల్లిదండ్రుల బృందాలు

సంఖ్యలు చాలు. పేర్లు, సదరం నంబర్లు, ఆధార్ వివరాలు తీసుకోవద్దు. ఎందుకో తొమ్మిదో భాగంలో ఉంది.

## 2. వినే సమావేశం

మేనిఫెస్టో రాయకముందే ఈ సమావేశం జరగాలి. రాసేశాక పిలిస్తే అది చప్పట్ల కోసం పిలవడమే అవుతుంది.

అందర్నీ ఒక్క హాల్లో కూర్చోబెడితే గట్టిగా మాట్లాడగలిగినవారి గొంతే వినిపిస్తుంది. 20 మందికి మించకుండా నాలుగు విడతలుగా పెట్టండి: కదలికలకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు; చూపు లేనివారు; బధిరులు (సంజ్ఞా భాష వ్యాఖ్యాతతో); మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారు, వారి తల్లిదండ్రులు. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త వ్యాధులున్నవారితో విడిగా మాట్లాడండి. ప్రతి విడతలో కనీసం సగం మంది మహిళలు ఉండేలా చూడండి. రవాణా లేక, తోడు లేక ఇంట్లోనే ఉండిపోయేవారిలో వారే ఎక్కువ.

ఒక్కో విడతకు గంటన్నర పడుతుంది. అభ్యర్థి మొదటి పది నిమిషాల్లో తనను పరిచయం చేసుకుని, మిగతా సమయమంతా రాసుకోవాలి. అభ్యర్థి రాకుండా బావమరిదినో, మండల నాయకుణ్నో పంపితే సమావేశం పెట్టకపోవడమే మేలు.

వేసవి ఎన్నికలైతే ఉదయం పది గంటల లోపు ముగించండి. వెన్నుపూస దెబ్బతిన్నవారిలో చాలామందికి దెబ్బ తగిలిన చోటు నుంచి కింద చెమట పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఆ ఎండలో టెంటు కింద రెండు గంటలు కూర్చోబెడితే ప్రాణం మీదికి వస్తుంది.

చక్రాల కుర్చీ లోపలికి వెళ్లగలిగే మరుగుదొడ్డి లేని హాలు తీసుకోవద్దు. అలాంటి చోటికి వచ్చేవారు ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేసి వస్తారు, ఆ మాట మీతో అనరు. తలుపు కనీసం 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల వెడల్పు ఉందో లేదో మీరే టేపుతో కొలవండి. "ఉందండీ" అన్న హాలు యజమాని మాట చాలదు.

అడగాల్సిన ప్రశ్నలు:

1. సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగారు? ఎక్కడ ఆగిపోయింది?
2. కిందటి నెలలో ఇల్లు దాటి ఎక్కడికి వెళ్లాలనుకుని వెళ్లలేకపోయారు?
3. పిల్లల చదువు ఏ తరగతిలో ఆగింది, ఎందుకు?
4. గతంలో గెలిచినవారు ఇచ్చిన హామీల్లో ఏది అందింది, ఏది అందలేదు?

నాలుగో ప్రశ్నను మానొద్దు. మీ పార్టీవారే గెలిచి ఉంటే మరీ ముఖ్యం.

## 3. ఎవరి చేతిలో ఏముందో విడదీయండి

హామీలు విఫలం కావడానికి పెద్ద కారణం: ఎమ్మెల్యే అభ్యర్థి కేంద్రం చేయాల్సింది చేస్తానంటారు, ఎంపీ అభ్యర్థి రాష్ట్రం పని తలకెత్తుకుంటారు. విన్న సమస్యలన్నీ ఒక కాగితం మీద మూడు వరుసలుగా రాయండి.

కేంద్రం. ఇందిరాగాంధీ జాతీయ దివ్యాంగ పింఛనులో కేంద్రం వాటా నెలకు 300 రూపాయలే. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి. 80 ఏళ్లు దాటితే 500. ఏళ్ల తరబడి ఆ మొత్తం కదల్లేదు. లోక్‌సభ అభ్యర్థి పట్టుకోవాల్సిన అంశం ఇదే. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు), రైల్వే రాయితీ, కృత్రిమ అవయవాలు, ఉపకరణాల పథకం కూడా ఈ వరుసలోవే.

రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పెంచాక ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6 వేలు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15 వేలు. తెలంగాణలో 2023లో ఆసరా పింఛను 4,016కు పెరిగింది. రేటు నిర్ణయం మంత్రివర్గానిది, ఒక్క ఎమ్మెల్యేది కాదు. ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ చట్టంలో ఉన్నవే. ఇక్కడ అభ్యర్థి ఇవ్వదగ్గ మాట "రిజర్వేషన్ తెస్తా" కాదు, "మన జిల్లాలో మిగిలిపోయిన బ్యాక్‌లాగ్ పోస్టుల జాబితా బయటపెట్టిస్తా, శాసనసభలో అడుగుతా".

నియోజకవర్గం. కార్యాలయాలకు ర్యాంపులు, ఆస్పత్రిలో సదరం శిబిరాలు పెంచడానికి ఒత్తిడి, భవిత కేంద్రాల భవనాలు, పింఛను పునఃపరిశీలన నోటీసులు అందుకున్నవారికి అప్పీలులో సాయం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం కోటా అమలవుతోందా అన్న సమీక్ష. నిజంగా మార్పు తేగలిగే వరుస ఇదే. మీ హామీల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే రావాలి.

ఒక తేదీ గుర్తుంచుకోండి. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, ఇప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌లోనే దాటిపోయింది. కాబట్టి ర్యాంపు కడతామనడం దయ చూపినట్టు ఉండకూడదు. బకాయి తీరుస్తున్నామనే చెప్పండి.

## 4. హామీ రాసే పద్ధతి

ప్రతి హామీలో ఐదూ ఉండాలి: ఏ పని, ఎక్కడ, మంజూరు చేసేదెవరు, ఎప్పటిలోగా, జరిగిందని జనం ఎలా చూస్తారు.

పనికిరాని హామీ: "దివ్యాంగుల సంక్షేమానికి పెద్దపీట వేస్తాం."

పనికొచ్చే హామీ: "గెలిచిన ఆరు నెలల్లో ఏరియా ఆస్పత్రిలో నెలకు అదనంగా రెండు సదరం శిబిరాలు పెట్టేలా జిల్లా కలెక్టరు, వైద్యాధికారుల వద్ద పట్టుబడతా. శిబిరాల తేదీలు నెల ముందే ప్రతి సచివాలయం గోడ మీద ఉంటాయి."

మేనిఫెస్టోకు ప్రవర్తనా నియమావళిలో నిబంధన ఉంది. హామీ వెనక హేతువు ఉండాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగానైనా చెప్పాలి. సుబ్రమణియం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చేర్చిన నిబంధన ఇది. ఏడెనిమిది హామీలు చాలు. ముసాయిదాను అచ్చుకు ముందు, వినే సమావేశానికి వచ్చినవారికి చదివి వినిపించండి. వాళ్లు కొట్టేయమన్నది కొట్టేయండి.

## 5. మాట

ఎన్నికల సంఘం 2023 డిసెంబరులో పార్టీలకు ప్రత్యేకంగా సూచనలిచ్చింది. ప్రసంగాల్లో, ప్రకటనల్లో వైకల్యాన్ని తిట్టుగా, లోపానికి ఉపమానంగా వాడొద్దని చెప్పింది. మన తెలుగు ప్రసంగాల్లో ఇది ఎక్కడ దొర్లుతుందంటే తిట్లలో కన్నా సామెతల్లోనే.

- "గుడ్డి ప్రభుత్వం" బదులు "పట్టించుకోని ప్రభుత్వం"
- "కుంటి సాకులు" బదులు "నిలవని సాకులు"
- "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" బదులు "ఎంత చెప్పినా పెడచెవిన పెట్టారు"
- "పిచ్చి నిర్ణయం" బదులు "తలాతోకా లేని నిర్ణయం"
- "అవిటి పాలన" బదులు "చేతకాని పాలన"

అభ్యర్థి పాత ప్రసంగాల వీడియోలు రెండు మూడు తీసి, ఇలాంటివి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి చూపించండి. ఊరికే జాగ్రత్త అంటే మారదు. ఎదుటి పార్టీని తిట్టే ఊపులోనే ఇవి వస్తాయి కాబట్టి, ప్రసంగంలో ఆ భాగానికి మాటలు ముందే రాసివ్వాలి. స్థానిక నాయకుల మైకు మరీ ప్రమాదం. వాళ్లకూ ఈ జాబితా ఇవ్వండి.

నోరు జారితే అదే రోజు, అదే వేదిక మీదో వీడియోలోనో క్షమాపణ చెప్పాలి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అనొద్దు. "ఆ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా" అనండి. దివ్యాంగుల్ని ఉద్దేశపూర్వకంగా నలుగురిలో అవమానిస్తే అదే హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

ఇక పిలుపు సంగతి. ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. చాలా సంఘాలు తమ పేరులోనే వికలాంగులు అని పెట్టుకున్నాయి, కొందరికి దివ్యాంగులు అన్న మాట నచ్చదు. ఎదురుగా కూర్చున్నవారు తమను ఎలా పిలుచుకుంటే అలాగే పిలవండి. "పాపం", "దేవుడు అన్యాయం చేశాడు" అన్న మాటలు మాత్రం ఎక్కడా వద్దు.

## 6. బహిరంగ సభ

వేదికకు ర్యాంపు పెట్టాం అంటారు. వెళ్లి చూస్తే జారుడుబల్ల ఉంటుంది. లెక్క ఇదీ: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మామూలుగా వేసే నాలుగడుగుల వేదికకు 48 అడుగుల ర్యాంపు కావాలి. 30 అడుగులు దాటితే మధ్యలో ఆగడానికి చదును జాగా కూడా వదలాలి. అంత స్థలం చాలా చోట్ల దొరకదు. అందుకే వేదికనే అడుగున్నర ఎత్తుకు దించండి, 18 అడుగుల ర్యాంపుతో సరిపోతుంది.

టెంటు కాంట్రాక్టరుకు రాసివ్వాల్సినవి:

- ర్యాంపు వెడల్పు నాలుగడుగులు, రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు, అంచున చక్రం జారకుండా మూడంగుళాల చెక్క
- పైన మలుపు తిరగడానికి ఐదడుగుల చదరం
- ప్లైవుడ్ మీద తివాచీ వద్దు, ముడతపడి ముందు చక్రం ఇరుక్కుంటుంది. గరుకు మ్యాట్‌ను మేకులతో బిగించాలి
- చక్రాల కుర్చీ ఒక్కోదానికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు జాగా. ముందు వరుసలో ఒకే మూలన కాకుండా, వెంట వచ్చినవారి పక్కన కూర్చునేలా
- బ్యారికేడ్లలో కనీసం మూడడుగుల దారి, వాహనం దిగే చోటి నుంచి కూర్చునే చోటి దాకా

సంజ్ఞా భాష వ్యాఖ్యాతలు ఇద్దరు కావాలి. 20 నిమిషాలకోసారి మారకపోతే చేతులే కాదు, మెదడూ అలసిపోయి అర్థాలు జారిపోతాయి. వాళ్లను అభ్యర్థి పక్కనే, మొహం మీద వెలుతురు పడే చోట నిలబెట్టండి. బధిరులకు ఆ వైపున సీట్లు కేటాయించండి. ప్రసంగం కాగితం ముందు రోజే వాళ్ల చేతికివ్వండి. ఊర్ల పేర్లు, పథకాల పేర్లు, మనుషుల పేర్లు అప్పటికప్పుడు సంజ్ఞల్లోకి తేవడం కష్టం.

టపాసులు, డీజే గురించి ఒక్క మాట. ఆటిజం ఉన్నవారికి, మూర్ఛ వచ్చేవారికి, పార్కిన్సన్స్ రోగులకు అవి భరించరానివి. కనీసం వాళ్లు కూర్చునే వైపు స్పీకర్లు పెట్టకండి.

## 7. కరపత్రం, వాట్సాప్, వీడియో

మీ రాతల్ని చూపు లేనివారికి చేరనీయకుండా చేసేవి 'అను' ఫాంట్లు, అంటే యూనికోడ్ కాని ప్రెస్సు ఫాంట్లు. ప్రెస్సులో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌ను తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఫోన్లోని టాక్‌బ్యాక్ గానీ, కంప్యూటర్లోని ఎన్‌వీడీఏ గానీ చదవలేవు. అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. మేనిఫెస్టోను మొదట యూనికోడ్ తెలుగులో టైపు చేయించండి, తర్వాత ప్రెస్సుకు మార్పించుకోండి. తిరగేసి చేస్తే మళ్లీ టైపు చేయాల్సి రావొచ్చు.

సరిచూసే పద్ధతి సులువు: పీడీఎఫ్ లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్టు చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే సరే.

- వాట్సాప్ పోస్టరు పంపితే దాని కిందే అందులోని విషయమంతా అక్షరాల్లో రాయాలి
- ఐదు నిమిషాల ఆడియో: పేరు, పార్టీ, గుర్తు, ఈవీఎంలో వరుస సంఖ్య, హామీలు
- పెద్ద అక్షరాల ప్రతి 18 పాయింట్లలో
- మేధో వైకల్యం ఉన్నవారికి: వాక్యానికి ఒకే విషయం, పక్కన బొమ్మ
- బ్రెయిలీ ప్రతులు వందో రెండొందలో చాలు; చూపు లేనివారందరికీ బ్రెయిలీ రాదు, చాలామంది ఆడియోనే వింటారు. బ్రెయిలీలో పేజీలు మూడింతలు అవుతాయి, అందుకే రెండు పేజీల సారాంశం మాత్రమే వేయించండి

కరపత్రం మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేరు, చిరునామా ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. బ్రెయిలీ ప్రతిలోనూ పెట్టండి.

వీడియో ప్రకటనకు మీడియా సర్టిఫికేషన్ కమిటీ అనుమతి కావాలి, కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. కింద తెలుగు అక్షరాలు, మూలన సంజ్ఞా భాష చేర్చాకే కమిటీకి పంపండి. అనుమతి వచ్చాక ఎడిట్ చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

## 8. ఇంటింటి ప్రచారం

- చూపు లేనివారి దగ్గర ముందు మీ పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. చెప్పకుండా చేయి పట్టుకోవద్దు
- బధిరుల ఎదుట మొహం కనిపించేలా నిలబడండి, అరవొద్దు
- చక్రాల కుర్చీలో ఉన్నవారితో మాట్లాడేటప్పుడు కూర్చోండి. కుర్చీ హ్యాండిల్ మీద చెయ్యి వేయకండి
- ప్రశ్న ఆ మనిషినే అడగండి. "మీ అబ్బాయికి ఓటుందామ్మా?" అని తల్లిని అడగడం అందరూ చేసే తప్పు
- అనుమతి లేకుండా ఫొటో వద్దు. అనుమతిచ్చినా మంచం మీద ఉన్న మనిషి ఫొటో ప్రచారానికి వాడొద్దు

## 9. నియమావళి దాటే పనులు

మంచి ఉద్దేశంతో చేసినా కేసు అయ్యేవి ఇవి.

ఉపకరణాల పంపిణీ. ప్రచార కాలంలో ట్రైసైకిళ్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఇస్తే అది లంచం కిందికి వస్తుంది. ట్రస్టు పేరుతో ఇచ్చినా సాకు నిలవదు.

దరఖాస్తుల సేకరణ. "గెలిచాక పింఛను ఇప్పిస్తాం, సదరం నంబరు రాసివ్వండి" అంటూ ఇంటింటా ఫారాలు నింపించొద్దు. సర్వే పేరుతో ఓటర్లను భవిష్యత్ లబ్ధిదారులుగా నమోదు చేయడం ఆపాలని ఎన్నికల సంఘం 2024 మే 2న పార్టీలకు రాసింది. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 123(1) సెక్షన్ కింద అవినీతి చర్య అని స్పష్టంగా చెప్పింది.

పోలింగ్ రోజు ఆటోలు. ఓటర్లను ఉచితంగా తరలించడానికి అభ్యర్థి వాహనం పెట్టడం అదే చట్టం 123(5) కింద నిషిద్ధం. నడవలేనివారి కోసమైనా అంతే. గెలిచిన ఎన్నిక రద్దు కావడానికి ఇదొక్కటి చాలు. బదులుగా ఏం చేయాలో కింద ఉంది.

## 10. ఓటు దాకా

జాబితాలో గుర్తింపు. ఫారం 8 ద్వారా ఓటరు తనను దివ్యాంగుడిగా నమోదు చేయించుకోవచ్చు. ఎన్నికల సంఘం వారి సక్షమ్ యాప్‌లోనూ కుదురుతుంది. నోటిఫికేషన్‌కు నెల ముందే ఈ విషయం ఆడియోలో చెప్పండి.

ఇంటి నుంచి ఓటు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు ఫారం 12డి ఇవ్వాలి. నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. బూత్ స్థాయి అధికారి ఇంటికే ఫారం తెస్తారు. జనానికి తెలిసేలోపే ఈ గడువు అయిపోతుంది, అందుకే తేదీని కరపత్రం మొదటి పేజీలో వేయండి. ఇంటి ఓటు ఎంచుకున్నవారు మళ్లీ బూత్‌లో వేయలేరని కూడా చెప్పండి. ఎంచుకున్నవారి జాబితా, బృందం తిరిగే తేదీలు అభ్యర్థులకు ఇస్తారు. మీ ప్రతినిధిని పంపవచ్చు. అతను గడప బయట ఉండి చూడాలే గానీ, ఎవరికి వేయాలో చెప్పకూడదు.

బూత్ తనిఖీ. పోలింగ్‌కు వారం ముందు ప్రతి బూత్‌కూ ఒక మనిషిని పంపండి: ర్యాంపు, దాని ముందు గుంతలు, చక్రాల కుర్చీ, తాగునీరు, గది కింది అంతస్తులోనే ఉందా. లోపం ఉంటే ఫొటోతో రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోన్ చేసి వదిలేయకండి.

రవాణా. కావాల్సినవారు సక్షమ్ యాప్‌లోనో, ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసో అడగాలి. ఎలా అడగాలో మీ కార్యకర్తలు నేర్పించవచ్చు, వాహనం మాత్రం అధికారులదే.

బూత్ లోపల. దివ్యాంగులు క్యూలో నిలబడనక్కర్లేదు. చూపు లేనివారు బ్రెయిలీలో ఉన్న అభ్యర్థుల జాబితా అడిగి చదువుకుని, ఈవీఎం బటన్ల పక్కనున్న బ్రెయిలీ అంకెలు తడిమి సొంతంగా ఓటేయవచ్చు. ఆడియోలో వరుస సంఖ్య చెప్పమన్నది ఇందుకే. అలా వేయలేనివారు ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ నిబంధన కింద 18 ఏళ్లు నిండిన తోడును తీసుకెళ్లవచ్చు. ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు వెళ్లగలరు. ఒకే కార్యకర్త వాడలోని నలుగురికి తోడు వెళ్తానంటే రెండో మనిషి దగ్గరే ఆపేస్తారు, ఆ ఓటరు ఎండలో తిరిగి ఇంటికి పోవాల్సి వస్తుంది. అందుకే తోడు ఎవరో ముందు రోజే ఇంట్లోవాళ్లు తేల్చుకునేలా చెప్పి రండి.